చదువు పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలి? కాలేజీ విద్యార్థికి ఒక పోలిక

కాలేజీ విద్యార్థికి ఇంకా ఎక్కువ సేపు చదవమని చెప్పేవారికి కొదవ లేదు. ఉన్న రెండు గంటలను ఏ విధంగా వాడుకుంటే పరీక్ష నాటికి ఎక్కువ మిగులుతుందో పోల్చి చెప్పేవారు మాత్రం తక్కువ. పాఠ్యపుస్తకం మళ్లీ చదవడం, నోట్సు తిరగరాయడం, పాత ప్రశ్నపత్రాలకు జవాబులు రాయడం, స్నేహితులతో చర్చించడం, రికార్డు చేసిన పాఠాలు చూడటం అన్నీ చదువు కిందికే వస్తాయి, పట్టే సమయం కూడా ఇంచుమించు ఒకటే. ఫలితంలో మాత్రం వాటి మధ్య చాలా తేడా ఉంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని, మనిషి నేర్చుకున్నదాన్ని ఎంత వేగంగా మరచిపోతాడో 1885లో ప్రచురించినప్పటి నుంచి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ తేడాలను కొలుస్తూనే ఉన్నారు.

పోల్చేముందు కొలబద్ద ఏమిటో తేల్చుకోవాలి. చాలామంది తమకు తెలియకుండానే వాడే కొలబద్ద, చదువుతున్నప్పుడు కలిగే సౌకర్యం. పేజీలు చకచకా తిరుగుతూ, ప్రతి వాక్యమూ తెలిసినట్టే అనిపిస్తుంటే చదువు బాగా సాగుతోందని అనుకుంటారు. ఆ అనుభూతిని నమ్మడానికి వీల్లేదు. కళ్ల ముందున్న వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, అది ఎదురుగా లేనప్పుడు జ్ఞాపకంలోంచి తీసి కాగితం మీద పెట్టడం వేరు. పరీక్షల్లో ఎక్కువగా అడిగేది రెండోదాన్ని. చదివేటప్పుడు కొంత ఇబ్బంది పెట్టినా తర్వాత ఎక్కువ కాలం నిలిచే పద్ధతులను రాబర్ట్ బ్యోర్క్ అనే శాస్త్రవేత్త 1994లో ‘కోరదగిన కష్టాలు’ అన్నారు. అందువల్ల ఇక్కడ ఒకదానితో ఒకటి పోటీపడే పద్ధతుల ప్రతి జంటనూ రెండు ప్రశ్నలతోనే తూచుతున్నాను: పరీక్షలో మీ చేత ఏం చేయిస్తారు, నేర్చుకున్నది ఎంత కాలం నిలవాలి. చదివేటప్పుడు ఏది హాయిగా ఉంటుందన్న ప్రశ్నను పక్కన పెట్టాను.

మళ్లీ చదవడమా, పుస్తకం మూసి రాయడమా

విద్యార్థులు ఎక్కువగా ఆశ్రయించేది మళ్లీ చదవడాన్నే. దానికి హైలైటర్ తోడైతే పేజీ రంగులతో నిండుతుంది, పని జరిగినట్టు కంటికి కూడా కనిపిస్తుంది. దీనికి పోటీగా నిలబెట్టవలసిన పద్ధతి, పుస్తకం మూసేసి చదివినదాన్ని తెల్ల కాగితం మీద రాయడం, లేదా ప్రశ్నలు వేసుకుని చూడకుండా జవాబు చెప్పడం. ఈ రెండింటినీ హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో నేరుగా పోల్చారు. కాలేజీ విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చి, ఒక బృందం చేత దాన్ని వరుసగా నాలుగు విడతలు చదివించారు. మరో బృందం ఒక్క విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతల్లోనూ గుర్తున్నంత మేరకు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే పైచేయి చదివినవారిదే: వారికి గద్యభాగంలోని విషయాల్లో 83 శాతం గుర్తుండగా, రాసినవారు 71 శాతం దగ్గర ఆగిపోయారు. వారం తర్వాత పరీక్షించినప్పుడు లెక్క తారుమారైంది. నాలుగు విడతలూ చదివినవారికి 40 శాతం మిగిలితే, ఒక విడత చదివి మూడు విడతలు రాసినవారికి 61 శాతం మిగిలింది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందుగా అడిగినప్పుడు ఎక్కువ ధీమా చూపింది మాత్రం మళ్లీ మళ్లీ చదివిన బృందమే.

విద్యార్థి చదువులో ఎదురయ్యే చిక్కంతా ఈ ఒక్క ప్రయోగంలోనే ఉంది. చదివిన వెంటనే తనను తాను అంచనా వేసుకునేవాడికి మళ్లీ చదవడమే గెలిచినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అతను చూస్తున్నది ఐదు నిమిషాల లెక్కను. పరీక్ష అడిగేది వారం లెక్కను, నెల లెక్కను. జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు 2013లో పది అభ్యాస పద్ధతులను వరుసగా పరిశీలించి, తనను తాను పరీక్షించుకోవడానికీ, చదువును రోజుల మధ్య పంచుకోవడానికీ మాత్రమే అధిక ప్రయోజనం ఉన్నట్టు తేల్చారు. మళ్లీ చదవడం, గీతలు గీయడం, సారాంశం రాయడం తక్కువ ప్రయోజనం గల వర్గంలోకి వెళ్లాయి. సారాంశం కూడా ఆ జాబితాలో ఉండటం కొందరికి రుచించకపోవచ్చు. బాగా రాయడం వచ్చినవారికి అది పనికొస్తుంది గానీ, పుస్తకం పక్కన పెట్టుకుని వాక్యాలను కుదించి రాసుకునేవారికి అది చేతికి పనే తప్ప మెదడుకు పని కాదు.

అలాగని మళ్లీ చదవడాన్ని పూర్తిగా మానేయమని అర్థం కాదు. మొదటిసారి చదివినప్పుడు అర్థమే కాని అధ్యాయాన్ని మూసేసి రాయబోతే కాగితం ఖాళీగానే ఉంటుంది. ఒక సిద్ధాంతం ఎందుకు నిలబడుతుందో, ఒక వాదన ఎక్కడ మలుపు తిరిగిందో తెలియనప్పుడు రెండోసారి, అవసరమైతే మూడోసారి నెమ్మదిగా చదవడమే సరైన పని. అర్థమయ్యాక నాలుగోసారి చదవడమే వృథా. గీత అక్కడ గీసుకోవాలి: అర్థం కావడానికి చదవండి, గుర్తుండటానికి మూసి రాయండి.

మూసి రాసే పద్ధతిలోనూ రెండు దారులున్నాయి. ఒకటి ముందు వైపు ప్రశ్న, వెనుక వైపు జవాబు ఉండే కార్డులు. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారం చేసిన పెట్టెల పద్ధతిలో, జవాబు సరిగా వచ్చిన కార్డు తర్వాతి పెట్టెలోకి వెళ్లి ఆలస్యంగా తిరిగి వస్తుంది, తప్పిన కార్డు మొదటి పెట్టెకు వచ్చి త్వరగా ఎదురవుతుంది. అంకి వంటి యాప్‌లు ఇదే సూత్రాన్ని కంప్యూటర్ లెక్కలతో నడిపిస్తాయి. నిర్వచనాలు, మందుల పేర్లు, శరీర భాగాలు, సూత్రాలు, కొత్త భాషలోని పదాలు ఉన్న సబ్జెక్టులకు కార్డులను మించినది లేదు. పది మార్కుల వ్యాసరూప ప్రశ్నలు వచ్చే సబ్జెక్టులకు మాత్రం కార్డులు సరిపోవు, ఎందుకంటే అక్కడ విడివిడి ముక్కలు తెలియడంతో పాటు వాటిని ఒక క్రమంలో నిలబెట్టడం కూడా రావాలి. ఆ సబ్జెక్టులకు తెల్ల కాగితమే మేలు: అధ్యాయం పేరు పైన రాసి, గుర్తున్నదంతా మీకు తోచిన క్రమంలో రాయండి, ఆ తర్వాత పుస్తకం తెరచి వదిలేసినవాటినీ తప్పు రాసినవాటినీ వేరే రంగు సిరాతో చేర్చండి. రెండోసారి చదవవలసింది ఆ వేరే రంగులో ఉన్న భాగాన్ని మాత్రమే. ఈ సరిచూసుకునే మెట్టును బద్ధకించి వదిలేస్తే, తప్పు జవాబునే పదేపదే సాధన చేసినట్టవుతుంది.

ఒకే రోజు కూర్చోవడమా, రోజుల మధ్య పంచుకోవడమా

ఒక అధ్యాయానికి మొత్తం నాలుగు గంటలు కేటాయించగలరనుకుందాం. ఆ నాలుగు గంటలూ పరీక్ష ముందు రోజు కూర్చోవచ్చు, లేదా మూడు వారాల్లో నాలుగు విడతలుగా పంచుకోవచ్చు. ఖర్చు సమానం. పంచుకున్న చదువు ఎక్కువ కాలం నిలుస్తుందన్నది అభ్యాస పరిశోధనల్లో అందరికంటే ముందు ఎబింగ్‌హాసే గమనించిన విషయం, ఆ తర్వాత ఎన్నోసార్లు రుజువైన విషయం. విడతల మధ్య ఎంత ఎడం ఉండాలన్నదే అసలు ప్రశ్న. నికొలస్ సెపెడా, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం దీనికి ఒకే సమాధానం లేదు. పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఎడం కూడా మారుతుంది. వారం తర్వాతి పరీక్షకు ఒకటి రెండు రోజుల ఎడం సరిపోతుంది, ఏడాది పాటు గుర్తుండాలంటే దాదాపు మూడు వారాల ఎడం మేలు చేస్తుంది. సెమిస్టర్ చివరి పరీక్ష మూడు నాలుగు నెలల దూరంలో ఉన్నప్పుడు, నేర్చుకున్న మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత మూడు వారాలకు ఒకసారి ఆ అధ్యాయాన్ని మూసి రాస్తే పని జరిగిపోతుంది.

పంచుకునే పద్ధతికి ఉన్న లోపాన్ని కూడా చెప్పాలి. ప్రతి విడత మొదట్లోనూ సగం మరచిపోయినట్టు ఉంటుంది, అది నిరుత్సాహం కలిగిస్తుంది. కానీ మరచిపోవడం మొదలైన చోట గుర్తు తెచ్చుకోవడానికి చేసే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. రెండో లోపం నిర్వహణకు సంబంధించినది: ఐదారు సబ్జెక్టులకు ఎప్పుడు ఏది తిరిగి చూడాలో లెక్క పెట్టుకోవాలి. దీనికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు, నోట్సులో ప్రతి అధ్యాయం మొదటి పేజీ మూలన తర్వాత చూడవలసిన తేదీ రాసుకుంటే చాలు. అందమైన రంగుల టైంటేబుల్ తయారు చేయడానికి ఒక ఆదివారమంతా ఖర్చు పెట్టేవారిని చూస్తుంటాం; ఆ టైంటేబుల్ సాధారణంగా బుధవారం దాకా నడుస్తుంది.

ఇక చివరి రోజు చదువుకు కూడా ఒక గుణం ఉంది. పైన చెప్పిన ఐదు నిమిషాల లెక్క దానికి వర్తిస్తుంది: రేపు ఉదయం రాసి, ఎల్లుండి మరచిపోయినా నష్టం లేని ఐచ్ఛిక సబ్జెక్టుకు అది గట్టెక్కిస్తుంది. తర్వాతి సెమిస్టర్ సబ్జెక్టులు దేని మీద నిలబడతాయో ఆ సబ్జెక్టుకు మాత్రం అది అప్పు లాంటిది, వచ్చే ఏడాది వడ్డీతో కలిపి మళ్లీ చదవాలి. గణితం, భాషలు, ప్రోగ్రామింగ్, రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం ఈ రెండో కోవలోనివి.

రాత్రంతా మేలుకోవడాన్ని కూడా ఇక్కడే తేల్చేయవచ్చు. అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 18 నుంచి 25 ఏళ్ల వయసు వారికి రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా స్థిరపడటంలో నిద్రకు భాగముంది, నిద్ర తగ్గితే మర్నాటి ఏకాగ్రత కూడా తగ్గుతుంది. అందువల్ల పరీక్ష ముందు రాత్రి మిగిలిన రెండు అధ్యాయాలకూ నిద్రకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, నా ఓటు నిద్రకే. ఆ రెండు అధ్యాయాల ముఖ్యాంశాలను ఒక గంటలో చూసి పడుకోవడం, చదివిన పది అధ్యాయాలను మసకబార్చుకోవడం కంటే నయం.

ఒకే రకం లెక్కలా, కలగలిపిన లెక్కలా

ఈ ఎంపిక గణితం, భౌతిక శాస్త్రం, అకౌంట్స్, గణాంక శాస్త్రం చదివేవారికి చాలా ముఖ్యం, అయినా దీని గురించి వినేవారు తక్కువ. పాఠ్యపుస్తకంలో ఒక పద్ధతి నేర్పిన వెంటనే ఆ పద్ధతికి సంబంధించిన ఇరవై లెక్కలు వరుసగా ఉంటాయి. మూడో లెక్క నుంచి విద్యార్థి ఆలోచించడం మానేసి, అదే సూత్రంలో అంకెలు మార్చుతూ పోతాడు. పరీక్షలో మాత్రం ఏ లెక్కకు ఏ సూత్రమో ఎవరూ చెప్పరు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక బృందం ఒక్కో రకాన్నీ విడిగా సాధన చేసింది, మరో బృందం అన్నిటినీ కలగలిపి సాధన చేసింది. సాధన సమయంలో విడిగా చేసినవారి జవాబుల్లో 89 శాతం సరైనవి, కలగలిపి చేసినవారివి 60 శాతమే. వారం తర్వాత పెట్టిన పరీక్షలో విడిగా చేసినవారు 20 శాతానికి పడిపోగా, కలగలిపి చేసినవారు 63 శాతం దగ్గర నిలిచారు.

తేడాకు కారణం సులువుగానే ఊహించవచ్చు. విడిగా సాధన చేసినవారికి సూత్రం వాడటం వచ్చింది గానీ, ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడం రాలేదు, ఎందుకంటే ఎంచుకోవలసిన అవసరమే వారికి రాలేదు. కనుక కొత్త పద్ధతి నేర్చుకున్న రోజున మూడు నాలుగు లెక్కలు వరుసగా చేసి చేయి కుదుర్చుకోండి. ఆ మీదట చేసే లెక్కల్ని గత అధ్యాయాల లెక్కలతో కలపండి. పాత ప్రశ్నపత్రాలు ఈ పనికి బాగా పనికొస్తాయి, వాటిలో అధ్యాయాలు ముందే కలిసిపోయి ఉంటాయి కదా.

దీనికి అనుబంధంగా మరో జంట ఉంది: సాధించి చూపిన లెక్కలను పరిశీలించడమా, మొదటి నుంచీ సొంతంగా కుస్తీ పట్టడమా. సొంతంగా చేయడమే ఎల్లప్పుడూ గొప్ప అని చాలామంది అధ్యాపకులు చెబుతారు. జాన్ స్వెల్లర్, గ్రేహమ్ కూపర్ బీజగణితం మీద చేసి 1985లో ప్రచురించిన ప్రయోగాలు దాన్ని సవరించాయి. అసలే కొత్త అయిన విషయంలో, సాధించిన లెక్కను మెట్టు మెట్టుగా చదివి అర్థం చేసుకున్నవారు తక్కువ సమయంలో నేర్చుకున్నారు. ఏమీ తెలియని స్థితిలో దారి వెతుక్కోవడానికే మెదడు శక్తి అంతా ఖర్చయిపోతుంది. కాస్త పట్టు వచ్చాక ఈ లాభం తగ్గిపోతుంది, అక్కడి నుంచి సొంతంగా చేయడమే మేలు. అందువల్ల మొదటి రెండు లెక్కల సాధనను శ్రద్ధగా చదివి, ప్రతి మెట్టు దగ్గరా అది ఎందుకు వచ్చిందో మీకు మీరే వివరించుకోండి, మూడోదాన్ని సగం చూసి సగం చేయండి, నాలుగోదానికి జవాబుల పేజీ మూసేయండి. ఫోనులో ప్రశ్న అడిగితే క్షణంలో పూర్తి సాధన ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. మొదటి రెండు లెక్కలకు వాటి సాయం తీసుకోవడంలో తప్పు లేదు. నాలుగో లెక్కకు కూడా వాటినే అడిగేవారు, పరీక్ష గదిలో ఒంటరిగా చేయవలసిన పనిని ఒక్కసారీ సాధన చేయకుండానే లోపలికి వెళుతున్నారు.

క్లాసుకు వెళ్లడమా, రికార్డింగు చూడటమా

మార్కస్ క్రెడే, ఆయన సహచరులు 2010లో అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించి, క్లాసు హాజరుకూ కాలేజీ మార్కులకూ బలమైన సంబంధం ఉందని చూపారు. హాజరయ్యేవారు మొదటి నుంచీ శ్రద్ధ గలవారు కావడం కూడా ఇందులో కొంత కారణం కావచ్చు, అయినా క్లాసుకు అనుకూలంగా వేరే కారణాలున్నాయి. రికార్డింగును ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, వేగం పెంచవచ్చు, ఇవన్నీ సుగుణాలే. వాయిదా వేయవచ్చన్నదే దాని అసలు అవగుణం. నాలుగు వారాల పాఠాలు పోగుపడ్డాక వాటిని వరుసగా చూడటమంటే, పైన చెప్పిన ఒకే రోజు చదువునే తెర మీద చేయడం. జబ్బు పడినప్పుడు, పాఠం పరభాషలో ఉండి ఒకసారి వింటే అందనప్పుడు, క్లాసులో అర్థం కాని ఒక భాగాన్ని మళ్లీ వినాలనుకున్నప్పుడు రికార్డింగు నిజంగా ఆదుకుంటుంది. ఉద్యోగం చేస్తూ చదివేవారికి వేరే గతి ఉండదు కనుక, వారు క్లాసు జరిగిన వారంలోనే చూసేయాలన్న గడువును తమకు తాము పెట్టుకోవాలి.

క్లాసుల్లోనూ రెండు రకాలుంటాయి. అధ్యాపకుడు ధారాళంగా చెబుతుంటే వినే క్లాసు ఒకటి, ప్రశ్నలిచ్చి విద్యార్థుల చేత చేయించే క్లాసు మరొకటి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర విద్యార్థుల మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో, చేయించే క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు గానీ తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. చక్కటి ఉపన్యాసం వింటున్నప్పుడు అన్నీ తెలిసిపోయినట్టు ఉంటుంది. కాబట్టి సెక్షను ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు, సీనియర్లు హాయిగా సాగుతుందని పొగిడే క్లాసు కంటే పని ఎక్కువని విసుక్కునే క్లాసును ఒకసారి ఆలోచించి చూడండి.

నోట్సు చేత్తో రాసుకోవడమా, ల్యాప్‌టాప్‌లో టైపు చేయడమా అన్న వివాదంలో నేను మధ్యలో ఉన్నాను. చేత్తో రాసుకున్నవారు భావనలకు సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని పామ్ ముల్లర్, డేనియల్ ఒపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన అధ్యయనం బాగా ప్రచారం పొందింది. టైపు చేసేవారు విన్నదాన్ని విన్నట్టే ఎక్కించేస్తారనీ, చేత్తో రాసేవారు కుదించక తప్పదు కనుక ఆలోచిస్తారనీ వారి వివరణ. ఆ తర్వాత ఇతరులు దాన్ని తిరిగి చేసి చూసినప్పుడు తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. గట్టిగా చెప్పగలిగింది వేరొకటి ఉంది: క్లాసులో ల్యాప్‌టాప్ మీద పాఠంతో సంబంధం లేని పనులు చేసేవారికి మాత్రమే కాక, ఆ తెర కనిపించే చోట కూర్చున్న తోటివారికి కూడా అవగాహన తగ్గిందని 2013 నాటి ఒక ప్రయోగం చూపింది. కనుక సమీకరణాలు, పటాలు, నిర్మాణ సూత్రాలు ఉన్న సబ్జెక్టులకు కాగితం తీసుకోండి. చర్చలు వేగంగా సాగే సబ్జెక్టులకు, లేదా చేత్తో రాయడం శారీరకంగా కష్టమైనవారికి కీబోర్డు మంచిదే, ఇంటర్నెట్ ఆపేసి వాడితే చాలు. ఏది వాడినా, పేజీలో ఎడమ వైపు కొంత ఖాళీ వదిలి, ఆ సాయంత్రం ఆ ఖాళీలో ప్రశ్నలు రాసుకోవడం మంచి అలవాటు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పాక్ 1950లలో ప్రచారంలోకి తెచ్చిన ఈ ఏర్పాటులో, కుడి వైపు భాగాన్ని చేత్తో మూసి ఎడమ వైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే నోట్సే ప్రశ్నపత్రం అవుతుంది.

త్వరగా తేలిపోయే కొన్ని ఎంపికలు

ఒంటరిగా చదవాలా, బృందంగా చదవాలా అన్నదానికి క్రమమే జవాబు. ముందు ఒంటరిగా చదివి, ఆ తర్వాత ముగ్గురు నలుగురితో కూర్చుని ఒకరికొకరు పాఠం చెప్పుకుంటే, ఎవరికి ఎక్కడ తడబాటు వస్తుందో అక్కడే లోపం బయటపడుతుంది. ఎవరూ చదవకుండా కలిసి కూర్చుంటే అది కాలక్షేపం. ఎక్కువ తెలిసినవాడు చెబుతూ, మిగిలినవారు తల ఊపుతూ ఉండే బృందంలో లాభపడేది ఆ చెప్పేవాడే.

ఇరవై ఐదు నిమిషాలు చదివి ఐదు నిమిషాలు ఆగే పద్ధతి ఫ్రాంచెస్కో సిరిలో 1980ల చివర రూపొందించినది. మొదలుపెట్టడానికే మనసు రానివారికి, ఫోను చేతిలోంచి దిగనివారికి అది మంచి ఊతం. ప్రోగ్రామింగ్, సిద్ధాంతాల నిరూపణ, పెద్ద వ్యాసం రాయడం వంటి పనుల్లో ఇరవై ఐదు నిమిషాలకు ఆలోచన అప్పుడే కుదురుకుంటుంది, అక్కడ గంట మోగించుకోవడం నష్టమే. యాభై నిమిషాలో గంటన్నరో కూర్చోండి.

కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు కనుక తమ శైలికి తగినట్టు చదవాలన్న మాట విరివిగా వినిపిస్తుంది. హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు 2008లో దీన్ని పరిశీలించి, శైలికి తగినట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పద్ధతిని విషయాన్ని బట్టి ఎంచుకోండి: రక్తప్రసరణకు పటం, ఉచ్చారణకు చెవి, ప్రయోగశాల పనికి చేయి.

మొదటి పరీక్ష తర్వాత

ఇన్ని ఎంపికల్లో దేన్ని ముందు మార్చుకోవాలన్నది అందరికీ ఒకటి కాదు. దాన్ని తేల్చేది దిద్దిన జవాబుపత్రం. చాలామంది మార్కు చూసి పత్రాన్ని మడిచి పెట్టేస్తారు, అందులో ఉన్న సమాచారం మాత్రం ఏ సలహాదారూ ఇవ్వలేనిది. పోయిన ప్రతి మార్కు దగ్గరా ఆగి, అది ఏ కారణం వల్ల పోయిందో పక్కన రాయండి. ఆ విషయం అసలు అర్థమే కాలేదా? అయితే పుస్తకం మూసి రాయడం దానికి మందు కాదు, అధ్యాపకుడి దగ్గరికి వెళ్లి అడగాలి, సాధించి చూపిన ఉదాహరణల దగ్గరికి తిరిగి వెళ్లాలి. అడిగేటప్పుడు కూడా ‘అధ్యాయమంతా అర్థం కాలేదండి’ అనడం కంటే ‘ఈ మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టు ఎలా వచ్చిందండి’ అంటే ఐదు నిమిషాల్లో పని అవుతుంది. అర్థమైంది, చదివింది కూడా, కానీ ఆ సమయానికి గుర్తు రాలేదా? అప్పుడు మీరు మార్చవలసింది మొదటి రెండు జంటలను: మళ్లీ చదవడం తగ్గించి మూసి రాయడం, దాన్ని రోజుల మధ్య పంచుకోవడం. సూత్రాలన్నీ గుర్తున్నా ఏది వాడాలో పొరబడ్డారా? కలగలిపిన లెక్కలు కావాలి.

నాలుగో రకం కూడా ఉంది, దాన్ని ఎవరూ చదువు సమస్యగా చూడరు: అన్నీ తెలుసు గానీ సమయం చాలలేదు, లేదా ప్రశ్నను తొందరలో తప్పుగా చదివారు. ఇంకో పది గంటలు పుస్తకం చదివినా ఈ మార్కులు తిరిగి రావు. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, అసలు పరీక్షకు ఎంత సమయమిస్తారో అంతే పెట్టుకుని, మధ్యలో లేవకుండా పూర్తిగా రాయాలి. ప్రతి ప్రశ్నలో ‘వివరించండి’, ‘పోల్చండి’, ‘నిరూపించండి’ అన్న క్రియాపదం కింద గీత గీసి, మార్కుల నిష్పత్తిలో నిమిషాలు పంచుకోవాలి. మూడు గంటల్లో వంద మార్కుల పత్రమైతే, మొదట చదువుకోవడానికీ చివర సరిచూసుకోవడానికీ ఇరవై నిమిషాలు తీసేస్తే, పది మార్కుల ప్రశ్నకు పదహారు నిమిషాలు వస్తాయి. పదహారో నిమిషానికి జవాబు పూర్తి కాకపోయినా కొంత ఖాళీ వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్లడాన్ని ఇంట్లోనే రెండు మూడు సార్లు సాధన చేయాలి, లేకపోతే పరీక్ష గదిలో చేయి ఆగదు.